వింగా, సెంటరా, ఫుల్‌బ్యాకా? కబడ్డీ నుంచి రగ్బీకి వచ్చేవాళ్లు ఏది ఎంచుకోవాలి

"అన్నా, నేను వింగ్ ఆడనా, సెంటర్ ఆడనా?" పొద్దున ప్రాక్టీస్ అయ్యాక బూట్లు విప్పుకుంటూ ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. గుంటూరు, విజయవాడ వైపు రగ్బీకి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ముందు కబడ్డీ ఆడినవాళ్లే. కొందరు పరుగు పందేల నుంచి వస్తారు, కొందరు క్రికెట్‌లో టీమ్‌లో చోటు దొరక్క వస్తారు. ఒంట్లో బలం ఉంటుంది, భయం ఉండదు. ఎక్కడ నిలబడాలన్నదే తెలియదు.

నేను మొదలుపెట్టినప్పుడు వేగంగా పరిగెత్తుతానని నన్ను నేరుగా వింగ్‌లో పెట్టారు. సగం ఆట అయిపోయేసరికి బంతి నా చేతికి రెండుసార్లు వచ్చింది. వేగంగా ఉన్నవాణ్ణి అంచున పెట్టడం ఇక్కడ అందరూ చేసే పనే. అది చాలామందికి సరిపడదని ఇన్నేళ్ల తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే, బలంగా ఉండి అన్ని రకాలుగా ఆడగలిగే బ్యాక్‌ను ఆపడం ఎందుకంత కష్టమో ముందు చూడాలి.

ఆట కొత్తవాళ్లకు నాలుగు మాటలు. పదిహేను మంది ఆటలో 1 నుంచి 8 నంబర్ల వరకు ఫార్వర్డ్స్, 9 నుంచి 15 వరకు బ్యాక్స్. బ్యాక్స్‌లో అంచున ఆడేవాడు వింగ్, మధ్యలో ఆడేవాడు సెంటర్, అందరి వెనక నిలబడేవాడు ఫుల్‌బ్యాక్. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు పోవాలంటే పరిగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. మన దగ్గర ఎక్కువగా ఆడే సెవెన్స్‌లో అంత మైదానంలోనూ జట్టుకు ఏడుగురే ఉంటారు, ఒక్కో సగం 7 నిమిషాలు.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, ఢీకొనే క్షణంలో మీ వేగం. వంద మీటర్లు ఎంతలో పరిగెత్తారన్నది ఇక్కడ పెద్దగా పనికిరాదు. బడిలో చెప్పే భౌతికశాస్త్రం లెక్కే చూడండి: బరువు, వేగం గుణిస్తే వచ్చేదే గుద్దులోని ఊపు. 100 కిలోల వాడు ఎదుట మనిషిని చూసి జంకి సెకనుకు 7 మీటర్లకు తగ్గాడనుకోండి, 700 వస్తుంది. 80 కిలోల కుర్రాడు తగ్గకుండా 9 మీటర్ల వేగంతో వస్తే 720. కొత్తవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఢీకొట్టే ముందు రెండు అడుగులు చిన్నవి చేసి నెమ్మదిస్తారు. ఒంటి బరువు పెంచడానికి ఏడాది పడుతుంది. ఈ రెండు అడుగుల జంకు నెల రోజుల్లో పోతుంది.

తర్వాతిది నడుము ఎత్తు. సంక్రాంతికి మన ఊళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. బండ కదిలే ముందు ఎడ్లు తల దించి, ముందుకు వాలి, పొట్టి పొట్టి అడుగులతో నేలను తన్నుతాయి. నిటారుగా నిలబడి ఏ ఎద్దూ బండ లాగదు. రగ్బీలో ఢీకొన్నాక కాళ్లు ఆడటం ఆగిపోతే అక్కడికి మీ పరుగు అయిపోయినట్టే. ఇద్దరు పట్టుకున్నా కాళ్లు ఆడుతూనే ఉంటే ఇంకో రెండు మీటర్లు వస్తాయి. ఆ రెండు మీటర్లే డిఫెన్స్ మొత్తాన్నీ వెనక్కి నడిపిస్తాయి.

మూడోది అసలైనది: ఎదుటివాడి మనసులో అనుమానం. మీరు గుద్దుకుంటూ మాత్రమే వస్తారని తెలిస్తే వాడు ముందే వంగి, భుజం సిద్ధం చేసుకుని మీ తొడలు పట్టేస్తాడు. మీకు సైడ్ స్టెప్ (ఒక్క అడుగుతో పక్కకు తప్పుకోవడం) కూడా ఉందని తెలిస్తే అంత వంగడానికి జంకుతాడు, ఎందుకంటే వంగినవాడు పక్కకు కదల్లేడు. వంగకపోతే మీ గుద్దు ఆపలేడు. మీరు పాస్ కూడా ఇవ్వగలరంటే వాడి కళ్లు మీ పక్కనున్నవాడి మీదికి పోతాయి. కాలితో కూడా తన్నగలరంటే వెనకున్న ఫుల్‌బ్యాక్ ముందుకు రాలేడు. మీ ఒంట్లో ఒక్క కిలో కూడా పెరగలేదు, అయినా మిమ్మల్ని ఆపడం నాలుగింతలు కష్టమైంది.

నాలుగోది, బంతిని ఎలా పట్టుకున్నారన్నది. రెండు చేతుల్లో ఉంటే ఎటైనా పాస్ ఇస్తారేమోనన్న అనుమానం చివరిదాకా నిలుస్తుంది. ఒక చంకలోకి తీసుకుంటే రెండో చేత్తో ఎదుటివాణ్ణి తోయొచ్చు. అరచెయ్యి తెరిచి తోయడం రూల్‌లో ఉంది, పిడికిలి బిగిస్తే ఫౌల్. ఎప్పుడు రెండు చేతులు, ఎప్పుడు ఒకటి అన్నది అనుభవం మీదే వస్తుంది.

ఇక డిఫెన్స్. బ్యాక్ అంటే ట్రైలు కొట్టేవాడే అనుకుని ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం, నేర్చుకోనివాణ్ణి నేనైతే ఏ స్థానంలోనూ ఆడించను.

బలమైన వింగ్

ఈ మాట అనగానే ఎవరికైనా జోనా లోము గుర్తొస్తాడు. న్యూజిలాండ్ వింగర్, ఆరడుగుల ఐదంగుళాల మనిషి, 120 కిలోల దగ్గర బరువు. 1995 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో, కేప్‌టౌన్‌లో, ఇంగ్లండ్ మీద ఒక్కడే నాలుగు ట్రైలు కొట్టాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. మొదటి ట్రై వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, తప్పకుండా చూడండి. బంతి అతన్ని దాటి వెనక్కి వెళ్తుంది. వెనక్కి తిరిగి తీసుకుంటాడు. మొదటివాణ్ణి చేత్తో తప్పించి బయటినుంచి దాటుతాడు. వెనకనుంచి ఒకరు కాలికి తగలడంతో తూలుతాడు. పడిపోతాడనుకున్న ఆ తూలుడులోనే ముందున్న మైక్ క్యాట్ మీదుగా తొక్కుకుంటూ గీత దాటుతాడు. అందరూ ఆ చివరి గుద్దే గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం మొదటివాణ్ణి బయటినుంచి దాటిన పరుగే ఎక్కువ నచ్చుతుంది. అంత బరువున్నవాడు పక్కనుంచి దాటిపోతాడని ఎవరూ అనుకోలేదు.

ఆరు రోజుల తర్వాత ఫైనల్. దక్షిణాఫ్రికా అతనికి ఒక్క ట్రై కూడా ఇవ్వలేదు. అదనపు సమయంలో 15-12తో కప్పు గెలిచింది. ఆ మాటకొస్తే లోము తన టెస్టు (దేశాల మధ్య మ్యాచ్‌ల) జీవితం మొత్తంలో దక్షిణాఫ్రికా మీద ట్రై కొట్టనేలేదు. వాళ్లు చేసింది కబడ్డీ ఆడినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది: పరుగు అందుకోకముందే మీదికి వెళ్లారు, ఛాతీని వదిలేసి కాళ్లు పట్టారు, మొదటివాడు పట్టిన మరుక్షణం రెండోవాడు, మూడోవాడు వచ్చి పడ్డారు. యాంకిల్ హోల్డ్ వేశాక మిగతా జట్టంతా వచ్చి కప్పేసినట్టే. లోము అంతటివాణ్ణి కూడా చోటివ్వకపోతే ఆపొచ్చు.

వింగ్‌లో ఉన్న చిక్కు ఇదే. మీకు చోటు ఇచ్చేది మీ లోపలున్న సహచరులు. వాళ్లు పాస్ సరిగా, సమయానికి ఇవ్వలేకపోతే మీ బలం అంచున గీత పక్కన నిలబడి చూస్తుంటుంది. అవతల గీత ఉంది కాబట్టి మిమ్మల్ని తోయడానికి డిఫెండర్‌కు ఒక స్నేహితుడు ఉన్నట్టే. మన దగ్గర పాసింగ్ ఇంకా కుదురుకోని జట్లే ఎక్కువ. అందుకే బలమైన కుర్రాణ్ణి మొదటి ఏడాదే వింగ్‌లో పెట్టడం నాకు నచ్చదు.

చిన్న ఒడ్డు, చురుకైన కాళ్లు

చెస్లిన్ కోల్బే దక్షిణాఫ్రికా వింగర్. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాల చుట్టూ. మన విజయవాడ బీసెంట్ రోడ్డులో నడిచిపోతే ఎవరూ తిరిగి చూడరు. 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ను ఒక్క అడుగుతో నిలబెట్టేసి ట్రై కొట్టాడు. దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది. 2023 క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ కిక్కర్ బంతి తన్నేలోపు గీత మీదినుంచి దూసుకెళ్లి కన్వర్షన్‌నే (ట్రై తర్వాత గోల్‌కు తన్నే కిక్) అడ్డుకున్నాడు. ఆ మ్యాచ్ తేడా ఒక్క పాయింట్, 29-28.

ఒడ్డు చిన్నదైనవాళ్లు ఈ దారి ధైర్యంగా ఎంచుకోవచ్చు. ఒక్క షరతు. కోల్బే సన్నగా ఉంటాడు కానీ ఢీకొంటే తేలిగ్గా పడిపోడు, ట్యాకిల్‌లో వెనక్కి తగ్గడు. స్టెప్ ఉంది కదా అని తొడలకు, మెడకు కసరత్తు మానేస్తే మొదటి పెద్ద ట్యాకిల్‌కే సీజన్ అయిపోతుంది.

సెంటర్: కబడ్డీ వాళ్ల ఇల్లు

నా సలహా ఎక్కువమందికి ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

12, 13 నంబర్లు సెంటర్లవి. ఇందులో 12 లోపలివాడు. ఆట నడిపించే ఫ్లై-హాఫ్ పక్కనే ఉంటాడు కాబట్టి బంతి మళ్లీ మళ్లీ వస్తుంది. చోటు తక్కువ, ఎదురొచ్చే మనుషులు ఎక్కువ. అంటే కబడ్డీ కోర్టులో రైడ్‌కు వెళ్లినట్టే: ముందు మనుషుల గోడ, ఆలోచించడానికి అరసెకను, పక్కనుంచి ఇంకొకడు వస్తున్నాడేమోనన్న చూపు. మంచి రైడర్ కాళ్లు కదులుతుండగానే మూల మనిషి ఎటు వాలాడో చూస్తాడు. ఆ చూపు నేర్పడానికి రగ్బీ కోచ్‌లకు ఏళ్లు పడుతుంది. మన పిల్లలకు అది చెడుగుడు ఆడిన వీధిలోనే వచ్చేసింది.

న్యూజిలాండ్ సెంటర్ మా నోనును చూడండి. మొదట్లో అతను గుద్దుకుంటూ పోయే మనిషిగానే పేరుపడ్డాడు. తర్వాత పాస్, కిక్ రెండూ పదును పెట్టుకున్నాడు. 103 టెస్టులు, 2011, 2015లో రెండు ప్రపంచకప్‌లు. 2015 ఫైనల్‌లో రెండో సగం మొదలవగానే అతను కొట్టిన ట్రైకి దారి వేసింది ఇంకో సెంటర్ సోనీ బిల్ విలియమ్స్. అప్పుడే మైదానంలోకి వచ్చాడు, డిఫెండర్లను తన మీదికి లాక్కున్నాడు, పట్టుబడ్డాక కూడా చెయ్యి బయటికి తీసి బంతి అందించాడు. దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు. బలమైన బ్యాక్‌లో నిజంగా భయపెట్టేది ఇదేనని నా నమ్మకం. మీ మీదికి ఇద్దరు వచ్చారంటే పక్కన ఒకడు ఖాళీగా ఉన్నాడని అర్థం. చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే ఆ ఇద్దరి ట్యాకిల్ దండగ.

కబడ్డీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మూడు అలవాట్లు మార్చుకోవాలి. ఇవి మార్చుకోక మంచి ఆటగాళ్లు పెనాల్టీలు ఇచ్చుకుంటూ పోవడం చాలాసార్లు చూశాను.

పట్టుబడ్డాక మధ్య గీత కోసం నేల మీద పాకడం రైడర్ రక్తంలో ఉంటుంది. రగ్బీలో పట్టుకుని నేల మీద పడేశాక బంతి వదిలేయాలి. వదలకుండా పట్టుకుని ముందుకు పాకితే పెనాల్టీ. గీత చేతికి అందే దూరంలో ఉంటే మాత్రం వెంటనే చెయ్యి చాపి బంతి ఆనించొచ్చు.

రెండోది డాష్. కబడ్డీలో భుజంతో గుద్ది రైడర్‌ను కోర్టు బయటికి పంపితే చప్పట్లు కొడతారు. రగ్బీలో చేతులతో చుట్టకుండా భుజంతో గుద్దితే ఫౌల్. భుజాల పైన పట్టినా ఫౌలే, కార్డు కూడా రావచ్చు. యాంకిల్ హోల్డ్, థై హోల్డ్ వేసే కార్నర్ ఆటగాళ్లకు ఇక్కడ లాభం, వాళ్లకు వంగడం ముందే వచ్చు. తల మాత్రం ఎదుటివాడి ఒంటికి వెనకవైపు ఉండాలి, ముందుకు పెడితే మోకాలు తగులుతుంది.

మూడోది ఎదురుచూడటం. కబడ్డీ డిఫెండర్ రైడర్ తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతాడు. రగ్బీలో ఆగితే వాడికి పరుగు అందుకునే చోటు ఇచ్చినట్టు. ముందుకు వెళ్లాలి, నలుగురూ ఒకే వరసలో వెళ్లాలి. చెయిన్ పట్టుకుని కదలడం అలవాటైనవాళ్లకు ఈ వరస త్వరగా వస్తుంది.

ఇంకొకటి, బరువు. సీనియర్ పురుషుల కబడ్డీలో 85 కిలోల పరిమితి ఉంది, అందుకని చాలామంది టోర్నమెంట్ ముందు తిండి తగ్గించుకుంటారు. రగ్బీలో ఆ టెన్షన్ లేదు. కడుపు నిండా పప్పు, గుడ్లు, చికెన్ తినండి.

ఫుల్‌బ్యాక్

15 నంబర్. అందరి వెనక ఒక్కడే నిలబడతాడు. గాల్లో లేచిన బంతిని పరిగెత్తుకొచ్చే మనుషుల మధ్య అందుకోవాలి, తిరిగి తన్నాలి, లేదా పరిగెత్తుకు రావాలి. చివరి ట్యాకిల్ కూడా తనదే. ఇక్కడ బలం మీద కంటే అంచనా మీద ఆట నడుస్తుంది.

ఔట్‌ఫీల్డ్‌లో హై క్యాచ్‌లు పట్టే అలవాటున్న క్రికెటర్లు ఈ స్థానం గురించి ఆలోచించాలి. కాలితో తన్నడం రాకపోతే మాత్రం వద్దు. ఇప్పటి పదిహేను మంది ఆటలో 50:22 అనే రూల్ ఉంది: మన సగంలోంచి తన్నిన బంతి నేల తాకి అవతలివాళ్ల 22 మీటర్ల భాగంలో పక్క గీత దాటితే లైన్‌అవుట్‌లో (పక్క గీత నుంచి బంతిని తిరిగి ఆటలోకి విసిరేటప్పుడు) బంతి మనకే వస్తుంది. తన్నగలిగిన బ్యాక్ విలువ దీంతో బాగా పెరిగింది.

ఒకటికి మించి స్థానాలు ఆడేవాళ్లు

వేల్స్ ఆటగాడు జార్జ్ నార్త్ 2010లో పద్దెనిమిదేళ్ల వయసులో వింగ్‌లో మొదలుపెట్టి తర్వాత సెంటర్‌కు మారాడు, వేల్స్ తరఫున 121 టెస్టులు ఆడాడు. 2013లో బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్ తరఫున మెల్‌బోర్న్‌లో బంతి చేతిలో ఉండగానే, తనను పట్టడానికొచ్చిన ఆస్ట్రేలియా ఆటగాడు ఇజ్రాయెల్ ఫోలౌను భుజాన వేసుకుని నడిచాడు. న్యూజిలాండ్ జోర్డీ బారెట్ ఫుల్‌బ్యాక్, వింగ్ ఆడుతూ వచ్చి 2022లో 12 నంబర్‌కు మారాడు. 2023 క్వార్టర్ ఫైనల్‌లో ఐర్లాండ్ ఆటగాడు గీత దాటాక బంతి నేలకు తాకకుండా అడ్డుపడ్డాడు. ఆ మ్యాచ్ 28-24.

ఇద్దరూ ముందు ఒక స్థానంలో గట్టిపడ్డాకే ఇంకోదానికి వెళ్లారని గమనించండి. మొదటి ఏడాదే "నేను ఎక్కడైనా ఆడతాను" అన్నవాణ్ణి కోచ్‌లు రిజర్వ్‌లో కూర్చోబెడతారు.

| స్థానం | ఆపడం ఎందుకు కష్టం | ఎక్కడ దొరికిపోతారు | ముందు నేర్వాల్సింది |
|---|---|---|---|
| బలమైన వింగ్ | పరుగు అందుకుంటే ఒక్కరితో ఆగదు | బంతి ఆలస్యమైతే, చోటు లేకపోతే | బయటివైపు దాటడం |
| చురుకైన వింగ్ | ఎటు తిరుగుతాడో తెలియదు | పెద్దవాళ్లను ట్యాకిల్ చేసేటప్పుడు | తొడలు, మెడ బలం |
| సెంటర్ | గుద్దు, పాస్, ఆఫ్‌లోడ్ మూడూ ఉంటాయి | తల దించి ఒకేలా పరిగెత్తితే | రెండు వైపులా పాస్ |
| ఫుల్‌బ్యాక్ | దూరం నుంచి ఊపుతో వస్తాడు | గాల్లో బంతి జారితే | క్యాచ్, కిక్ |

మీరు ఎవరైతే ఏది

కబడ్డీ రైడర్ అయితే 12. ఇందులో నాకు సందేహం లేదు. కార్నర్ డిఫెండర్ అయి, కాళ్లలో వేగం కూడా ఉంటే 13, ఎందుకంటే అక్కడ డిఫెన్స్ లెక్క కష్టం, పక్కకు కదులుతూ ట్యాకిల్ చేయాలి. స్ప్రింటర్లు వింగ్‌లోనే మొదలుపెట్టండి, కానీ వారానికి ఒక రోజైనా సెంటర్ల మధ్య నిలబడి బంతి ఎక్కువసార్లు ముట్టుకోండి.

అమ్మాయిలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. పోర్షియా వుడ్‌మన్ నెట్‌బాల్ ఆడుతూ రగ్బీకి వచ్చి 2017 ప్రపంచకప్‌లో 13 ట్రైలు కొట్టింది. ఖోఖో, కబడ్డీ ఆడిన మన అమ్మాయిల కాళ్లలో ఆ మలుపులు ఇప్పటికే ఉన్నాయి.

సెవెన్స్‌లో ఈ గీతలు కొంచెం చెరిగిపోతాయి. చోటు ఎక్కువ, మనుషులు తక్కువ కాబట్టి ప్రతి ఒక్కరూ పాస్ ఇవ్వాలి, ట్యాకిల్ చేయాలి. ఫ్రాన్స్ స్క్రమ్-హాఫ్ (9 నంబర్) ఆంట్వాన్ డ్యూపాంట్ ఐదడుగుల ఎనిమిది, తొమ్మిది అంగుళాల వాడే. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం పదిహేను మంది ఆట నుంచి సెవెన్స్‌కు వచ్చి, ఫైనల్‌లో ఫిజీ మీద రెండో సగంలో దిగి రెండు ట్రైలు కొట్టాడు. పొట్టిగా, గట్టిగా, కింద నుంచి తోస్తాడు, పాస్ కంటికి కనపడదు. మనవాళ్ల ఒడ్డూ పొడుగుకు లోము కంటే ఇతనే దగ్గరి ఉదాహరణ. 2025లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే, అందులో హైదరాబాద్ హీరోస్ అని మన తెలుగు నగరం పేరుతో జట్టు ఉంది. ఇక్కడ ఆడే పిల్లలకు దూరంగా కనిపించే గురి అదొకటి, కాబట్టి సెవెన్స్‌ను దృష్టిలో పెట్టుకునే స్థానం ఎంచుకోండి.

మన నేల గురించి ఒక మాట. నల్లరేగడి ఎండాకాలంలో రాయిలా గట్టిపడి పగుళ్లిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల మీద ట్యాకిల్ ప్రాక్టీస్ చేయకండి. గుల్ల చేసిన కబడ్డీ కోర్టు మట్టిలోనో, ఇసుకలోనో చేయండి. ఎండ ఎక్కకముందే, పొద్దున ఏడున్నరకల్లా ముగించేయండి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినవాణ్ణి ఆ రోజు మళ్లీ ఆటలోకి దింపొద్దు, వాడు ఎంత బతిమాలినా సరే.

స్థానం ఇంకా తేల్చుకోలేకపోతే రేపు పొద్దున ఇలా చేయండి. పది మీటర్ల వెడల్పులో రెండు చెప్పులు పెట్టి మధ్యలో ఇద్దరు డిఫెండర్లను నిలబెట్టండి. మీ పక్కన ఒక స్నేహితుడు. పదిహేను మీటర్ల దూరం నుంచి బంతితో పదిసార్లు వాళ్ల మీదికి వెళ్లండి. ఇంకొకరితో ఫోన్‌లో వీడియో తీయించండి. తర్వాత రెండే చూడండి: ఢీకొనే ముందు ఎన్నిసార్లు నెమ్మదించారు, ఎన్నిసార్లు తల ఎత్తి పక్కవాణ్ణి చూశారు. పక్కవాణ్ణి ఐదుసార్లకు మించి చూసి ఉంటే కోచ్‌ను 12 జెర్సీ అడగండి. ఒక్కసారీ చూడకపోయినా, ఎప్పుడూ నెమ్మదించకపోతే వింగ్‌లో మొదలుపెట్టి, రోజూ ఆఖరి పావుగంట పాస్‌కు కేటాయించండి.